రెండు నోర్లు, ఒక గొట్టం

నీలం కిరసనాయిలు ఇంక రాదని
చౌకబియ్యం అంగడాయన చెప్పి మూడేండ్లయింది.
దాచుకున్న ఐదు లీటర్ల క్యాను
మొన్న మాఘమాసంలో అడుగంటింది.
కాపు దిగేదాకా తోటలోనే నా పడక:
నూట నలభై తోతాపురి చెట్లు,
ఒక గుడిసె,
ఒక ఇత్తడి స్టవ్వు, ఒక పెట్రోమాక్సు లైటు.
రెండిటినీ గోనెపట్టలో చుట్టి
పలమనేరులో బస్సెక్కితే
కండక్టరు ముక్కు ఎగబీల్చినాడు.
"ఏందమ్మా వాసన?"
"పాత వాసన," అన్నా. "లోపల చుక్క లేదు."

చిత్తూరులో పాత ఇనుము అంగళ్ల వరసలో
దస్తగిరి రిపేరు కొట్టు.
స్టవ్వుని చెవి దగ్గర పెట్టుకుని ఊపినాడు,
టెంకాయ కొనేవాడి మాదిరి.
పంపు కడ్డీ లాగి, ఎండిపోయిన తోలు వాసరు చూసి
"దీనికి నూనె పెట్టి ఎన్నాళ్లయింది?" అని
పసిబిడ్డని పస్తు పెట్టినట్టు నన్ను చూసినాడు.

మా మరిది బైకులో పెట్రోలుంది కదా అన్నా.
ఆయన మాట్లాడలేదు.
చొక్కా చెయ్యి పైకి మడిచినాడు.
మణికట్టు కాడ్నించి మోచేతి దాకా
చర్మం మైనం కారి గడ్డకట్టినట్టుంది.
"గంగజాతర. ముప్పై రెండు లైట్లు బాడుగకి పోయినాయి.
ఒక్కదాంట్లో ఎవడో పెట్రోలు పోసినాడు.
కిరసనాయిలయితే గొంతు కాగేదాకా ఆగి,
ఆవిరయ్యి, అప్పుడు మండుతుంది.
పెట్రోలుకి ఓపిక లేదమ్మా,
పిలవకముందే పలుకుతుంది."

బోరు మోటారు డీజిలు?
"మండుతుంది. మసి కక్కుతుంది.
పూటకి నాలుగుసార్లు పిన్ను పొడవాల."
స్పిరిట్టు?
"పగలు మంట కనపడదు. వేడీ తక్కువే.
నీళ్లు మరిగేలోగా నీకు నిద్రొస్తుంది."
తెల్ల కిరసనాయిలు ధర చెప్పినాడు.
నేను ఇంకోసారి అడగలేదు.

ఆఖరికి చిన్న గ్యాసుబండ.
స్టవ్వు గొంతు కోసి జెట్టు మార్చినాడు.
నూనె బెజ్జం వేరంట, గ్యాసు బెజ్జం వేరంట,
వెంట్రుకవాసి తేడాకే మంట అలుగుతుందంట.
లైటుకి పంపు ఊడదీసి
ఆ కన్నం తగరం పోసి మూసినాడు.
ఇరవై ఏండ్లు నేను కొట్టిన పంపుని
కాగితంలో చుట్టి చేతికిచ్చినాడు,
ఊడిన పన్ను ఇచ్చినట్టు.
కొత్త మాంటిలు కట్టి, దారం ముడేసి, అన్నాడు:
"ఇప్పుడిది బట్ట.
ఒకసారి కాల్తే బూడిద.
ఆ బూడిదే వెలుగిచ్చేది. తాకితే రాలిపోతుంది, పైలం."

బండ ఒకటి. గొట్టం ఒకటి.
నోర్లు రెండు.
సంగటి కావాలంటే మబ్బులో కెలకాల,
వెలుతురు కావాలంటే ఆకలి ఆగాల.

మొదటి రాత్రి
నీలి మంట మీద సంగటి కెలికి దించినా.
మంట ఆర్పి, గొట్టం ఊడబెరికి
తడుముకుంటా లైటుకి తగిలిస్తాండా,
అప్పుడు ఇనపడింది.
కొమ్మ విరిగిన చప్పుడు కాదు,
కాయ నమిలే చప్పుడు.
మామిడి సొన వాసన, దాని వెనకనే
బురద, పేడ, ఒక పెద్ద ఊపిరి.
కౌండిన్య అడవిలోంచి దిగింది. ఒంటిది.
మబ్బులోనే ఇంకొంచెం చిక్కటి మబ్బు
గుడిసెకి నాలుగు బారల్లో.

నాబు తిప్పినా. బుస్సుమంది గ్యాసు.
అగ్గిపుల్ల వేళ్ల మధ్యలో ఉంది.
ఆ బుస్సుకి
విసురుకునే దాని చెవులు ఆగినాయి.
గీస్తే అది నన్ను చూస్తుంది, నేను దాన్ని చూస్తా.
ఆ తర్వాత
ఇద్దరిలో ఎవరికి ఓపికుంటుందో ఎవరు చూసినారు?
మైనం కారిన చెయ్యి గుర్తొచ్చింది.
నాబు మూసినా.

సంగటి చల్లారిపోయింది.
అది తీరిగ్గా రెండు చెట్లు దులిపి
పోతా పోతా
గుడిసె పట్టని తొండంతో ఒకసారి తడిమి పోయింది,
సంతలో బట్ట చూసినట్టు.

తెల్లారి, గొట్టానికి గట్టి క్లిప్పు కోసం
మళ్లా బస్సెక్కినా.
"ఎట్లుండాది వెలుతురు?" అన్నాడు దస్తగిరి.
"ఇంకా బట్టే," అన్నా.